యెల్లప్ప ఏ చట్టం కిందికొస్తాడు?

"నన్ను లోపలెయ్యి సార్! కొట్టినాను. అందరూ చూసినారు," అన్నాడు యెల్లప్ప, లవంగం నములుతూ.

డర్బన్ శివార్లలోని ఆ సైనిక శిబిరంలో అతను వంటవాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక తిన్నగా వచ్చి కార్పొరల్ లోగన్ చెంప ఛెళ్ళుమనిపించాడు. ఎందుకో లోగన్‌కే తెలియదు. వాచిన చెంప చూడమంటే వచ్చిన డాక్టర్ మల్లికార్జునకు అసలు తెలియదు. ఆయన నిరుడు ఇక్కడి ఓట్లయ్యాక ఆంధ్ర నుంచి వచ్చి ఉద్యోగంలో చేరినవాడు.

కెప్టెన్ క్లారెన్స్ చట్టం పుస్తకం తిరగేసి తల పట్టుకున్నాడు.

"నువ్వు సైనికుడివి కాదు యెల్లప్పా. జీతానికి వండే సివిలియన్‌వి. మా చట్టం నీకు వర్తించదు. మా గార్డురూంలో నిన్ను పెట్టలేను."

"ఓట్లప్పుడు బందోబస్తుకి మీ లారీలో వచ్చి వండలేదా? అప్పుడు మీ చట్టమే అన్నారే!"

"దళంతో డ్యూటీకి వచ్చావు గనక. ఇప్పుడు నువ్వున్నది వంటింట్లో."

"కొట్టింది కార్పొరల్‌ని గదా!"

"అతను రిజర్విస్టు. పిలిచినన్నాళ్ళే సైనికుడు. అతని డ్యూటీ ఇవాళ పొద్దున్నే ముగిసింది."

"మరి ఆ యూనిఫాం?" అన్నాడు మల్లికార్జున.

"బస్సు రాలేదని బట్టలు మార్చుకోలేదు, అంతే."

మల్లికార్జునకు బుర్ర తిరిగింది. మరి వీళ్ళకు మందులిచ్చే తానెవరు? అడుగుదామనుకుని, ఎందుకొచ్చిన తంటా అని ఊరుకున్నాడు.

"అంటే సివిలియన్ సివిలియన్‌ని కొట్టాడు. పోలీసు కేసు," అని తేల్చాడు క్లారెన్స్. "లోగన్, ఫిర్యాదు ఇస్తావా?"

"వద్దు సర్. మా ఇండియన్ల పేట ఫీనిక్స్‌లో మా పక్కవీధి మావే ఇతను."

యెల్లప్ప ఏడుస్తూ లోగన్‌కు చేతులు జోడించాడు. "ఇయ్యరా! నీకు పుణ్యముంటది!"

జైలు తప్పిందని ఏడ్చేవాణ్ణి మల్లికార్జున ఎన్నడూ చూడలేదు. లోగన్‌ను పక్కకు పిలిచాడు.

"ఏమన్నావయ్యా ఆయన్ని?"

"ఏమీ అనలేదు డాక్టర్. ఇవాళ మేజర్ వీడ్కోలు విందుకి మటన్ కూర చేశాడు. వాసన అదిరింది మావా అన్నాను. అంతే."

"దానికి కొడతారా?"

"ఇది పురటాసి, వెంకటేశ్వరస్వామి నెల. మా ఇళ్ళలో నెలంతా మాంసం ముట్టరు. పైగా మావ పెళ్ళాం రానీ అత్త మొక్కుకుంది. వాళ్ళ కూతురు కష్మీరాకి రెండుసార్లు కడుపు పోయింది. ఈ బిడ్డయినా దక్కాలని మొగుడూ పెళ్ళాం నిష్ఠ పట్టారు. కూరలో ఉప్పు కూడా మా చేతే చూపిస్తాడు."

అదా సంగతి! అంత నిష్ఠలో ఉన్నవాడి ముందు మాంసం వాసన పొగిడితే ఒళ్ళు మండదా? బల్ల మీద రానీ కట్టిచ్చిన యెల్లప్ప టిఫిన్ డబ్బా మూత కూడా తియ్యకుండా ఉంది. పాపం, తొందరపడి చెయ్యి చేసుకున్నానని తిండి కూడా ముట్టలేదు. మల్లికార్జునకు ఆ పెద్దాయన మీద గౌరవం పుట్టుకొచ్చింది.

"వచ్చినప్పట్నించీ లవంగాలు నములుతున్నారు. పన్ను నొప్పా? ఏదీ, చూడనివ్వండి."

"వద్దు బాబూ!" యెల్లప్ప నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "ఈ ఒక్క రాత్రీ లోపలుంచమని చెప్పు. నీ మాటైతే కెప్టెన్ ఇంటాడు."

"మీ మనసు నాకు అర్థమైంది. ఇంటికి పదండి. ఏ చట్టమూ మిమ్మల్నేం చెయ్యదు."

భుజం మీద చెయ్యి వేసి గేటు దాకా నడిపించాడు. యెల్లప్ప కాళ్ళీడుస్తూ నడిచాడు.

గేటు దగ్గర రోజూలాగే రానీ నిలబడి ఉంది. డబ్బా అందుకుంది. బరువు చూసింది. పొద్దున ఇచ్చినంతే ఉంది. మొగుడి మొహం కేసి చూసింది.

"నోరు తెరువు," అంది.