ఇష్టమేనా?

"పొద్దున్నుంచి ఈగలు తోలుకుంటున్నాం. ఒక్క పేషెంటూ రాలేదేంట్రా?" పళ్ల డాక్టరు బావమరిదిని నిలదీశాడు.

అపాయింట్‌మెంట్లు చూసే ఏఐకి ఏ పని ఎప్పుడు చెయ్యాలో రాసిపెట్టింది ఆ బావమరిదే.

"రద్దు చెయ్యడం గురించి ఏం రాశావ్?"

"రావడం ఇష్టంలేనివాళ్లది రద్దు చెయ్యమని రాశాను బావా. అది అందరికీ ఫోన్ చేసి, ఇష్టమేనా అని అడిగింది."

"పన్ను పీకించుకోడానికి ఎవడైనా ఇష్టపడి వస్తాడ్రా? రానని చెప్పినవాళ్లదే రద్దు చెయ్యమని మార్చు."

"మారుస్తాను. ఇవాళ మీ డ్యూటీ కూడా రద్దయింది బావా."

"నాదెందుకు?"

"నిన్న మీకూ ఫోన్ చేసిందిగా. మీరు నిజం చెప్పేసినట్టున్నారు."

డాక్టరు తెల్లకోటు విప్పి వంకీకి తగిలించాడు.

"ఆ మార్చేదేదో రేపు మారుద్దువుగానిలే."