నాగయ్య నేసిన తువ్వాల

"గట్ల కాదు మనుమడా, కొట్టెయ్యి. ‘ఎల్లయ్య సంపిండు’ అని నువ్వెందుకు రాస్తవు? ‘సంపిండన్నరు’ అని రాయి."

ఎల్లయ్య మేనల్లుడు కాశీనాథం ఆ మాట కొట్టేశాడు. సిద్దిపేట కచేరికి ఇది ఆరో దరఖాస్తు. మొదటి ఐదింటికీ జవాబు లేదు.

"నేను, నేను అనకు తాతా. పేర్లతోని చెప్పు. ఉర్దూలకు మార్చేటప్పుడు గడబిడ అయితదని వకీలు చెప్పిండు గద. జెర జల్ది చెప్పు, సిరా ఆరిపోతుంది."

"నా నోరు మగ్గం లెక్క ఉరుకదురా. రాయి." తాత ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పసాగాడు. "దుబ్బాకల నాగయ్యకు పిల్లలు లేరు. ఒక ఇల్లు, రెండు మగ్గాలు. అన్న కొడుకు ఎల్లయ్యను సాదిండు. నాగయ్య తర్వాత అన్నీ ఎల్లయ్యకే రావాలె. రాసినవా?"

"ఆఁ."

"యుద్ధమొచ్చి నూలు కరువైంది. ఉన్న నూలు ఏ మగ్గానికని అంగట్ల ఇద్దరికి లొల్లి. ఎల్లయ్య అందరి ముందట ‘సంపుత’ అన్నడు. నోటి దురుసు పోరడు. తెల్లారి నాగయ్య లేడు. అలిగితే చెప్పకుండ పోవుడు ఆయనకు అలవాటే. పది దినాలకు మద్దూరు తొవ్వల, బావిల పీనుగ తేలింది. నెత్తికి దెబ్బ. మొఖం ఆనవాలు లేదు. మెడకు తువ్వాల ఉన్నది. కులపెద్దలు అంచు పట్టి చూసిన్రు. ‘ఈ నేత నాగయ్యదే’ అని తొమ్మిదిమంది వేలిముద్రలేసిన్రు."

తాత గొంతు పెరిగింది.

"ఒరే, నేసిన తువ్వాలలన్నీ నేసినోడే కప్పుకుంటడా? అంగట్ల అమ్ముతడు గద! కొనుక్కున్నోడెవడో సచ్చిండు! నేత గుర్తుపట్టినోళ్లకు గీ మాట తట్టలేదా?"

"గిది గూడ రాయాల్నా?"

"పెద్ద అక్షరాలల్ల రాయి. సంపినోనికి సచ్చినోని ఆస్తి రాదని కానూన్. ఎల్లయ్య జైలుకు పోయిండు. ఇల్లు, మగ్గాలు దాయాది పాలోడు భూపతికి పోయినయి. ఎల్లయ్య పెండ్లాం అనసూర్య ఇప్పుడు గా మగ్గం మీదనే భూపతికి కూలికి నేస్తుంది."

"నువ్వప్పుడు యాడున్నవో రాయాల్నా తాతా?"

"రాయి. షోలాపూర్ మిల్లుల ఉన్న. రెండేండ్లకు వచ్చినంక తెలిసింది. ఆర్నెల్ల సంది కచేరికి తిరిగి తిరిగి చెప్పులరిగినయి. గుమాస్తా ఏమంటడు? ‘నాగయ్యకు నువ్వేమైతవ్ ముసలోడా?’ నేను చెప్పిన. కడుపు పట్టుకొని నవ్విండు. ‘సాక్ష్యం తే’ అన్నడు. నిన్ను, అనసూర్యను తోల్కపోతే, ‘మీరంత ఎల్లయ్య చుట్టాలే’ అన్నడు."

"ఆ తొమ్మిదిమంది సంగతి?"

"నన్ను చూసి తలుపులేసుకున్నరు. మాట మారిస్తే మీకే జైలని భూపతి బెదిరిచ్చిండట. గా భూపతి, నేను ఎత్తుకొని తిప్పినోడు, నలుగురి ముందట నా మొఖం చూసుకుంటనే ‘గీ పిచ్చోడెవడు?’ అన్నడు."

తాత కాగితం తన ముందుకు లాక్కున్నాడు. తర్వాత బొటనవేలికి సిరా రుద్దుకుని, కాగితం చిరుగుతుందా అన్నంత గట్టిగా ఒత్తాడు.

"దీనికి గూడ జవాబు రాదు, నాకు ఎరుకే. నువ్వు ఒక నకలు రాసుకొని జైలుకు పో. అంత దూరం పోను అనసూర్య దగ్గర కిరాయి లేదు, ఎల్లయ్యకు ఇంకా ఏం తెల్వది. వానికి మొత్తం సదివి వినిపియ్యి. ఎవరు రాయించిన్రని అడుగుతడు. ‘నువ్వు సంపినవని అందరన్న నాగయ్య కాకనే’ అని చెప్పు."