గోళీ దొర్లిన వైపు

టైల్స్ పని తమ్ముడికి నేర్పింది నేను. మట్టం చూసుకోమని రసమట్టం చేతికిచ్చిందీ నేనే. ఇప్పుడు ఇల్లు కట్టుకునే ప్రతివాడూ "మీ తమ్ముడు ఖాళీగా ఉన్నాడా మేస్త్రీ?" అని నన్నే అడుగుతాడు. వాడేమో "అంతా అన్న నేర్పిందే" అంటాడు. కడుపు మండదా మరి?

వాడు వేసిన పెద్ద హాలు చూడటానికి యజమాని రేపు వస్తాడు. ఎక్కడో ఒకచోట వాలు ఉండకపోదని, చీకటి పడ్డాక లాంతరు, రసమట్టం, ఒక గాజుగోళీ పట్టుకుని నేనొక్కణ్నే వెళ్లాను.

రసమట్టం పెట్టాను. బుడగ సరిగ్గా గీతల మధ్య నిలిచింది. హాలు మధ్యలో గోళీ పెట్టి, తలుపు దగ్గర నిలబడ్డాను. అది మెల్లగా దొర్లుకుంటూ వచ్చి నా కాలికి తగిలింది.

దొరికావురా అనుకున్నాను.

ఖాయం చేసుకుందామని గోళీ మళ్లీ మధ్యలో పెట్టి ఎదురుగోడ దగ్గరికి వెళ్లాను. ఈసారి అటే వచ్చింది. కిటికీ దగ్గర నిలబడినా అంతే. ఖాళీ హాల్లో ఆ గోళీ చప్పుడు ఒక్కటే. బుడగ మాత్రం మధ్యలోంచి వెంట్రుకవాసి జరగలేదు.

గుమ్మంలో టార్చి వెలిగింది. తమ్ముడు.

వాడు నా మొహం ఉండాల్సిన ఎత్తుకు వెలుగు వేశాడు. వెలుగు నా తల మీదుగా పోయి వెనక గోడ మీద పడింది. టార్చి కొంచెం దించాడు. ఇంకా దించాడు.

"అన్నా, నువ్వు నాకన్నా జానెడు పొడుగు కదా," అన్నాడు. "అంత కిందున్నావేంటి?"