సీసాడు నీళ్లు

తలుపు తట్టిన ముసలావిడ చేతిలో ఖాళీ సీసా ఉంది.

డార్లీన్ గొలుసు తియ్యకుండా తలుపు సందులోంచి చూసింది. బూట్ల నిండా బురద. ఎరిగిన ముఖం కాదు.

"మీ బోరు నీళ్లు కాసిని ఇస్తే పరీక్ష చేయిస్తానమ్మా. డబ్బులేం అక్కర్లేదు."

"ఇంతకీ మీరెవరు?"

"ఇప్పుడు పేరు చెబితే ఇంకోలా అనుకుంటారు. ఈ వైపు బోర్లలో ఆర్సెనిక్ విషం తేలుతోంది. ఇంట్లో చిన్నపిల్లలున్నారా?"

పేరు చెప్పని మనిషికి పిల్లల ఆరా దేనికి?

లోపల సోఫాలో ఆరేళ్ల జోసీ కడుపు పట్టుకుని పడుకుని ఉంది. ఈవేళ కూడా బడి మానేసింది. ఆవిడ చూపు తలుపు సందులోంచి అటే పోయింది.

"మాకు ఫిల్టరు వద్దు" అని డార్లీన్ తలుపు వేసేసింది.

ఆవిడ సీసా మెట్టు మీద పెట్టి వెళ్లిపోయింది.

సాయంత్రం భర్త రస్సెల్ విని నవ్వాడు. కిందటేడు ఇలాగే వచ్చినవాడొకడు రస్సెల్ వాళ్లమ్మ ఇంట్లో గ్లాసు నీళ్లలో ఏదో చుక్క వేసి, నీళ్లు నల్లబడ్డాయని భయపెట్టి ఫిల్టరు అంటగట్టాడు.

"ఈవిడ పెద్దావిడ కదా, రెండు కొందామా?" అన్నాడు.

డార్లీన్ నవ్వలేదు. కొట్లో కొన్న నీళ్లు ఆ సీసాలో నింపి మెట్టు మీద పెట్టింది. ఆ నీళ్లలోనూ విషం ఉందంటే దొంగ దొరికినట్టే.

మర్నాటికి సీసా మెట్టు మీద లేదు. కొద్దిరోజులకు ఆవిడ మళ్లీ వచ్చింది. ముఖం విప్పారి ఉంది.

"మీ నీళ్లలో ఏ దోషమూ లేదమ్మా. పాపను నిశ్చింతగా తాగనివ్వండి."

ఏమీ అమ్మలేదు. ఏమీ అడగలేదు.

డార్లీన్‌కు అనుమానం ఇంకా పెరిగింది. ఇల్లు చూసుకుపోవడానికి వచ్చిందేమో. కారు నంబరు రాసి పెట్టుకుంది.

జోసీ కుళాయి తిప్పుకుని నీళ్లు తాగుతూనే ఉంది.

నవంబరులో ఎన్నికలొచ్చాయి. అమెరికాలో చిన్న రాష్ట్రమైనా న్యూ హాంప్‌షైర్‌లో శాసనసభ్యులు నాలుగు వందల మంది. తన ప్రతినిధి ముఖం డార్లీన్ ఎన్నడూ చూడలేదు. ఇంటికొచ్చిన కరపత్రంలో మాత్రం పేరు చదివింది.

'ఆరోగ్యం, పర్యావరణం, చదువు, పిల్లల సంక్షేమం అంటూ లోరెట్టా గాన్యన్ పన్నులు పెంచింది. మీ పిల్లలకు ఒరిగిందేమిటి?'

నిజమే అనిపించింది. బడిలో పెట్టిన పోలింగు కేంద్రంలో అవతలి పేరుకు ఓటేసి, పక్క తలుపులోంచి బయటికొచ్చింది.

చలిలో ఎవరో అట్ట పట్టుకుని రోడ్డు వైపు తిరిగి నిలబడ్డారు. అడుగుల చప్పుడుకు తల తిప్పారు. ఆ ముసలావిడే.

ఇక్కడికీ తయారా!

"పాపకెలా ఉందమ్మా?" అంది ఆవిడ. "డాక్టరుకు చూపించారా?"

నీళ్లు పరీక్ష చేయించారా అని డాక్టరు నిన్ననే అడిగాడు. చేయించామనే డార్లీన్ చెప్పింది.

"ఆ సీసాలోవి మా బోరు నీళ్లు కావు. కొట్లో కొన్నవి."

ఆవిడ ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. కోప్పడలేదు.

"ఇంటికెళ్లగానే కుళాయి కట్టేయండి. కారులో ఇంకో సీసా ఉంది, తెస్తాను."

చేతిలోని అట్టను గోడకు ఆనించి గబగబా నడిచింది.

దాని మీద ఆవిడ ఫోటో కింద పెద్ద అక్షరాలతో ఉన్న పేరు లోరెట్టా గాన్యన్.