అప్పులేనయ్య

కుట్టు మధ్యలో దారం తెగింది. పొద్దున్నుంచి ఇది ఏడోసారి. ఆమె పెడల్ మీద నుంచి కాలు తీసి, మిషను వైపు కాకుండా మొగుడి వైపు చూసింది.

వీధి మలుపులో తాళాలు బాగుచేసే బడ్డీ ఆయనది. ఇంటికి తెచ్చుకున్న పాత తాళమొకటి విప్పి, కిటికీ దగ్గర కూర్చుని నూనె వేస్తున్నాడు.

"మళ్ళీ తెగిందా?" అన్నాడు తలెత్తకుండా.

"తెగింది. ఇంకో రెండుసార్లు తెగితే నా ఓపిక కూడా తెగుతుంది."

గుమ్మంలో నిలబడ్డ నర్సింగ్‌హోం సూపర్‌వైజరు గొంతు సవరించుకున్నాడు. నలభైమంది నర్సులకి యూనిఫారాలు కుట్టించే పని ఆయనది. నమూనా జతని తిరగేసి లోపలి అంచులు వేలితో రాసి చూశాడు.

"కుట్టు దివ్యంగా ఉందమ్మా. కానీ అంచులకి ఓవర్‌లాక్ లేకపోతే రెండు ఉతుకులకే పోగులు లేస్తాయి. ఆ మిషనొకటి ఉంటే ఏడాది పొడుగునా పని మీదే. గురువారం సాయంత్రంలోగా చెప్పండి. తరవాత వేరేవాళ్ళని చూసుకుంటాను."

ఆయన మెట్లు దిగేదాకా ఆగింది.

"విన్నారుగా?"

"విన్నాను."

"అప్పు తెచ్చి కొందామండీ. ఆ పనితోనే ఏడాదిలో తీరిపోతుంది."

"ముప్ఫై రెండు వేల నాలుగు వందలు మిషను. పదమూడున్నర వడ్డీ. కాగితాల ఖర్చు వేరే," అన్నాడాయన, తడుముకోకుండా. "అప్పు మన గుమ్మం తొక్కదు. అప్పులేనివాడు అధిక బలుడని ఊరికే అన్నారా పెద్దలు?"

"ఆ బలమేదో వచ్చి ఈ మిషను మీద చూపించండి."

ఆయన తాళంలో ఇంకో చుక్క నూనె వేశాడు.

వీధిలో ఆయన్ని అందరూ అప్పులేనయ్య అనే పిలుస్తారు. పదిహేనేళ్ళ కాపురంలో ఆ ఇంటికి వాయిదాల మీద గరిటె కూడా రాలేదు. ఫ్యాను కోసం రెండు వేసవులు చెమటలు కక్కారు. ఈ ఓవర్‌లాక్ మిషను కోసమైతే మూడుసార్లు డబ్బు కూడబెట్టారు. మొదటిసారి పైకప్పు కారింది. రెండోసారి కూతురి కాలు విరిగింది. మూడోసారి రోడ్డు వెడల్పు చేస్తామని బడ్డీ పీకేశారు. కూడబెట్టిందంతా కొత్త బడ్డీకి పోయింది. అయినా ఆయన నోట అదే మాట, అప్పు లేదు కదా, అని. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కేది.

ఆ సాయంత్రమే పక్కింట్లో కొత్తగా దిగిన అమ్మాయి వచ్చింది. "బాబాయిగారూ, సోఫా వాయిదాల మీద తీసుకుందామనుకుంటున్నాం. మీరేమంటారు?"

ఇంకేముంది, ఆయనకి బళ్ళో పాఠం గంట కొట్టినట్టయింది.

"వద్దమ్మా. బ్యాంకువాళ్ళ బెంచీ మీద ఎప్పుడైనా కూర్చున్నావా? ముందు మంచినీళ్ళిస్తారు. తరవాత ఆ కాగితమేది, ఈ కాగితమేది అంటారు. గంట కూర్చుంటే ఎంతటి మనిషైనా జానెడైపోతాడు. ఉన్నదాంట్లో సర్దుకోవడంలో ఉన్న సుఖం ఎక్కడా లేదు."

"ఆ సుఖమంతా నా నడుములో ఉంది, చూపిస్తా రా," అంది ఆమె కత్తెర బల్ల మీద పెడుతూ. అమ్మాయి నవ్వింది. ఆమె నవ్వలేదు.

బుధవారం పొద్దున ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. అప్పుడప్పుడూ అలా బయల్దేరతాడు.

"ఎక్కడికి?"

"పై బజార్లో ఎవరిదో బీరువా తాళం పడిపోయిందట. చూసొస్తా."

మధ్యాహ్నం మొహం వేలాడేసుకుని వచ్చాడు. అన్నం సగంలోనే చెయ్యి కడిగేశాడు. ఇదే అదననుకుని ఆమె గొంతు తగ్గించి అడిగింది.

"రేపే గురువారమండీ. ఒక్కసారి బ్యాంకుకి వెళ్ళి అడిగి చూస్తే తప్పేముంది?"

"ఈ ఇంట్లో అప్పు మాట ఎత్తొద్దన్నానా?" అన్నాడు. అంత గట్టిగా ఆయన ఎప్పుడూ అనలేదు.

ఆమె కంచం తీసి లోపలికి పోయింది. గిన్నెలు తోముతున్నంతసేపూ గిన్నెల్ని కాదు, ఆయన పంతాన్ని తోమింది. ఊరందరికీ పెద్దమనిషి. పెళ్ళాం వేళ్ళు అరిగిపోతున్నా కనపడదు.

గురువారం ఆయన బడ్డీ తియ్యడానికి వెళ్ళగానే, ఆమె గుర్తింపు కార్డు సంచీలో వేసుకుని బ్యాంకుకి వెళ్ళింది. అప్పుల విభాగంలో కళ్ళజోడు పెట్టుకున్న ఆఫీసరమ్మ కూర్చోమంది.

"ఇంతకుముందు ఎక్కడైనా అప్పు తీసుకున్నారా?"

"లేదండీ. మా ఇంటాయన పడనివ్వడు."

"ఆయనకి జీతం చీటీ ఏమైనా ఉందా?"

"తాళాల బడ్డీకి చీటీ ఎవరిస్తారమ్మా?"

ఆఫీసరమ్మ నిట్టూర్చింది. "జీతం చీటీ అయినా ఉండాలి, లేదా పాత అప్పు తీర్చిన దాఖలా అయినా ఉండాలి. రెండూ లేకపోతే ఇవ్వలేం."

"అందరూ పాత అప్పే అడిగితే, మొదటి అప్పు ఎవరిస్తారు?"

ఆఫీసరమ్మ కంప్యూటరు వైపు తిరిగింది. "పెట్టి చూద్దాం, ఉండండి," అని ఇంటి నంబరు కొట్టింది. కొట్టి, ఆగింది. తెర వైపూ ఆమె వైపూ మార్చి మార్చి చూసింది.

"మీ ఇంటి నుంచి ఓవర్‌లాక్ మిషను కోసం ఇది పన్నెండో దరఖాస్తు."

"పొరపాటు పడ్డారమ్మా. నేను ఈ గడప తొక్కడం ఇదే మొదలు."

ఆఫీసరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"నిన్నటిదాకా వచ్చిన పదకొండూ మీవారు పెట్టుకున్నవే."