తోగాషి పొర

"అయస్కాంత శక్తి సున్నా ఏమిటి? యంత్రం పాడై ఉంటుంది," అన్నాడు మినెగిషి.

"యంత్రం బాగానే ఉంది సెన్సే. మూడుసార్లు చూశాను," అంది సోయెజిమ. ఆ ప్రయోగశాలలో ఎమ్మెస్సీ రెండో ఏడు చదువుతున్న అమ్మాయి. అక్కడ గురువుల్ని 'సెన్సే' అనే పిలుస్తారు. "నేను మార్చింది ఒక్కటే. మన స్టీలు పట్టకారు బదులు ప్లాస్టిక్ పట్టకారుతో పట్టుకున్నాను."

మినెగిషి పలకను దీపం కిందికి జరిపి చూశాడు.

గోరంత గాజుపలక మీద, వెంట్రుకలో వెయ్యో వంతు మందాన పరిచిన పొర అది. ఇనుము రవ్వంత కలపకపోయినా అది అయస్కాంతంలా నడుచుకుంటుందని తోగాషి సెన్సే కనిపెట్టి ఇరవై రెండేళ్ళయింది. అందరూ దాన్ని 'తోగాషి పొర' అనే అంటారు. జపాన్‌లోని సెందాయ్‌లో ఈ ప్రయోగశాల నిలబడింది దాని మీదే. ఎల్లుండి ఆయన చివరి పాఠం, పదవీ విరమణ. ఆ కుర్చీలోకి రాబోయేది ఆయన శిష్యుడు మినెగిషే.

సోయెజిమ ఆగలేదు. "అదే పలకను మళ్ళీ స్టీలుతో పట్టుకున్నాను. అయస్కాంతం వచ్చేసింది! పట్టకారు కొన అంచుకు గీసుకుని ఇనుము అంటుతోంది సెన్సే. మనం ఇన్నాళ్ళూ కొలిచింది ఆ మరకనే."

"ఆ ప్లాస్టిక్‌ది నీకెవరిచ్చారు?"

"సొరుగులోనే ఉందండీ. ఏటా ఏప్రిల్‌లో, కొత్త విద్యార్థులు చేరే వేళకి, కొత్తదొకటి వచ్చి కూర్చుంటుందట. ఎవరు తెస్తారో తెలీదు. ముట్టుకుంటే సీనియర్లు ఒకటే ఎగతాళి, తోగాషి సెన్సే పొరను బొమ్మ పట్టకారుతో పట్టుకుంటావా అని."

"నోట్‌బుక్కులో రాశావా?"

"రాశాను."

"ఇలా ఇవ్వు. ఎల్లుండి దాకా ఎవరితోనూ అనకు. ముప్పై అయిదేళ్ళు ఒళ్ళు దాచుకోకుండా పనిచేసిన మనిషి. పూలగుత్తి పుచ్చుకుని వెళ్ళే రోజున ఆయన పరువు తీస్తామా?"

"మరి ఎల్లుండి తర్వాత?"

"తర్వాత సంగతి తర్వాత."

"తర్వాత ఆయన ఉండరు కదా సెన్సే," అని గొణిగింది సోయెజిమ.

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. మినెగిషి నోట్‌బుక్కు చంకలో పెట్టుకుని తిన్నగా తోగాషి గదికి వెళ్ళాడు. ఆయన కమలాపండ్ల అట్టపెట్టెల్లో పుస్తకాలు సర్దుతున్నాడు.

"రా మినెగిషి, కూర్చో. చోటుంటే," అని నవ్వాడు. "పొర కొలతలు ఎలా వస్తున్నాయి?"

"ఎప్పటిలాగే సెన్సే."

"ఎప్పటిలాగేనా?"

"అవునండీ."

"ఇంకేమన్నా చెప్పడానికొచ్చావా?"

మినెగిషి నోట్‌బుక్కును చంకలో ఇంకాస్త లోపలికి నొక్కుకున్నాడు. "గ్రూపు ఫొటో పాఠానికి ముందా, తర్వాతా అని అడుగుదామని..."

తోగాషి అతని చంకలోని నోట్‌బుక్కు వైపు ఒక్క క్షణం చూశాడు.

"ముందే తీయించు," అన్నాడు.

ఎల్లుండి రానే వచ్చింది. ఫొటో ముందే తీయించారు. పాత విద్యార్థులు ఒసాకా నుంచీ, ఫుకుఓకా నుంచీ వచ్చారు. కూర్చోవడానికి చోటు చాలక గోడల వెంట నిలబడ్డారు. తోగాషి గంటసేపు తన పరిశోధనంతా చెప్పుకొచ్చాడు. మొదటి యంత్రం ఎలా పేలిందో చెబుతుంటే అందరూ పగలబడి నవ్వారు.

అప్పుడాయన తెర మీద ఆఖరి బొమ్మ వేశాడు. ఒక గ్రాఫు. గీత సున్నా దగ్గరే చదునుగా ఉంది. కింద తేదీ, పదకొండేళ్ళ కిందటిది.

"ఇది నా చేత్తో నేను కొలిచింది. తోగాషి పొరలో అయస్కాంతం లేదు. ఉన్నదల్లా స్టీలు పట్టకారు వదిలిన ఇనుము."

ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.

"తెలిసిన రోజే చెప్పాల్సింది. నోరు రాలేదు. నా దగ్గర చదివినవాళ్ళలో ఎవరో ఒకరు వచ్చి 'సెన్సే, మీది తప్పు' అంటే, ఆ చెయ్యి పట్టుకుని బయటపడదామనుకున్నాను. ఒక్కరూ రాలేదు."

ముందు వరసలో కూర్చున్న సోయెజిమ వెనక్కి తిరిగి మినెగిషి వంక చూసింది. అతను తల దించుకున్నాడు.

తోగాషి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏటా ఏప్రిల్‌లో ఆ సొరుగులో కొత్త ప్లాస్టిక్ పట్టకారు పెట్టింది నేనే."