అమెరికా ఆఫీసరు మనసు

"ఆపేశాడమ్మా ఆ అమెరికా ఆఫీసరు!"

గుత్తివంకాయ కూర గిన్నె పట్టుకుని దీనమ్మ, మమత అద్దెకుంటున్న పెంట్‌హౌస్ గదిలోకి వచ్చేసరికి ఆ పిల్ల ఇంకా చెప్పులు విప్పుతోంది. ఇల్లుగలావిడ మోకాళ్ల నొప్పులతో మూడంతస్తులు ఎక్కి వచ్చిందంటే సంగతి చిన్నది కాదు.

"ఎవరు ఆంటీ?"

"ఎవరేంటమ్మా, నా ఆవకాయ పార్సెల్‌ని కస్టమ్స్‌లో ఆపినాయన! కొరియర్ భాస్కర్ ఇప్పుడే ఫోన్ చేశాడు. ఆ దొరకి మనసనేది ఉందంటావా?"

మెళ్లో వేలాడుతున్న కంపెనీ కార్డును మమత గబుక్కున బ్యాగులో కుక్కేసింది. ఆ పార్సెల్‌ని ఆపింది ఏ దొరా కాదు. మాదాపూర్ ఆఫీసులో ఏసీ చలికి శాలువా కప్పుకుని కూర్చుని, పొద్దున దాని మీద 'హోల్డ్' నొక్కింది సాక్షాత్తూ ఈ మమతే.

అమెరికా వెళ్లే పార్సెళ్ల వివరాలు అక్కడి కస్టమ్స్ నిబంధనలకు సరిపోయాయో లేదో ఇక్కడి నుంచే చూడటం ఆమె ఉద్యోగం. ఎనిమిది వందల డాలర్ల లోపు సరుకుకు సుంకం లేదన్న వెసులుబాటును ఆ దేశం ఎత్తేసిన దగ్గర్నుంచి, చిన్న డబ్బా కూడా తన పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకుంటేగానీ గడప దాటడం లేదు. ఏ వస్తువు, దేంతో చేశారు, ఏ దేశంలో చేశారు, వెల ఎంత, అన్నీ కావాలి. దీనమ్మేమో 'ఇంటి సరుకులు' అని రాసి చేతులు దులిపేసుకుంది.

తెలిసినవాళ్ల పార్సెల్ వస్తే ముట్టుకోకుండా టీమ్ లీడ్ నవనీతకి అప్పగించాలని కంపెనీ రూల్. దాచిపెడితే ఉద్యోగం ఊడుతుంది. కానీ నవనీత చేతిలో పడితే రెండో మాటుండదు, వాపసే. మోకాళ్లు పోయి నర్సు ఉద్యోగం మానేశాక దీనమ్మ బతుకంతా ఆ పచ్చళ్ల మీదే నడుస్తోంది. డాలస్‌లో ఒక కొట్టువాళ్లు మొదటిసారి తెప్పించుకుంటున్నారు. ఇది సరిగ్గా చేరితే నెలనెలా తీసుకుంటామన్నారు, చేరకపోతే వేరేవాళ్లని చూసుకుంటామనీ అన్నారు. అందుకే మమత ఆ పార్సెల్‌ని వాపసు పంపలేక, వదల్లేక, తన దగ్గరే ఆపుకుని కూర్చుంది.

"తినమ్మా, చల్లారిపోతుంది," అంది దీనమ్మ. "ఇంతకీ ఆ మహానుభావుడికి ఏం రాస్తే నచ్చుతుందంటావ్?"

"నాకేం ఎర్క ఆంటీ, నాది వేరే కంప్యూటర్ పని." మమత ముద్ద మింగింది. "కానీ, ఇంటి సరుకులంటే ఆయనకేం సమజైతది? మామిడికాయ పచ్చడి అని రాయున్రి. నూనె, కారం, ఆవపిండి, ఏమేం వేసిన్రో అన్నీ రాయున్రి."

మర్నాడు అన్నీ వచ్చాయి. ఏ నూనో మాత్రం రాయలేదు. మమత తల పట్టుకుని మళ్లీ హోల్డ్ నొక్కింది. ఆ సాయంత్రం రొయ్యల ఇగురు పైకి వచ్చింది.

"ఆయనకి నువ్వుల నూనె అని కూడా చెప్పాలా ఏవిటి? నాలుక మీద వేసుకుంటే తెలీదూ?"

"నువ్వులు కొందరికి పడవు ఆంటీ. అందుకే అడుగుతరేమో."

"అయ్యో, మంచాడే పాపం! పెళ్లయిందంటావా?"

"కాలేదు..." మమతకి పొలమారింది. "కాలేదనుకుంటా."

"దేవుడు మంచి సంబంధం చూపించాలి. ఇవాళ్టి నుంచి అతని కోసం ప్రార్థన చేస్తాను."

మూడోసారి వచ్చిన వివరాలు చూసి మమత స్క్రీను దగ్గరికి వంగింది. నూనె సంగతి బాగానే రాసింది గానీ, కింద 'బహుమతి' అని పెట్టింది. కొట్టుకి అమ్మే సరుకు బహుమతి ఎట్లా అవుతుంది? అది చూసీ చూడనట్టు వదిలేస్తే అబద్ధానికి వంత పాడినట్టే. అప్పుడే నవనీత వెనక నుంచి తొంగిచూసింది.

"ఈ పికిల్ ఇంకా పెండింగేనా మమతా? రేపటికి తేలకపోతే రిటర్న్ కొట్టెయ్."

ఆ సాయంత్రం చేపల పులుసు. మమత కంచం పక్కకి జరిపింది.

"బహుమతి అని ఎందుకు రాసిన్రు ఆంటీ?" అనేసి నాలిక్కరుచుకుంది. "అంటే... రాసిన్రా?"

దీనమ్మ పులుసు గరిట గిన్నెలో తిప్పుతూ ఉంది. "భాస్కర్ రాయమన్నాడు. సుంకం తగ్గుతుందేమోనని."

"అబద్ధం రాస్తే ఆయన విడువడు. విడిస్తే ఆయన నౌకరీ పోతది ఆంటీ."

"ఉద్యోగం పోతుందా?" దీనమ్మ చెయ్యి ఆగిపోయింది. "ఒద్దమ్మా, ఒద్దు! ఒకరి నోటి దగ్గర కూడు తీసి నేనేం బాగుపడతాను? అమ్మకానికే అని రాస్తాను. సుంకం ఎంతైతే అంత కట్టుకుంటాం."

మర్నాడు మధ్యాహ్నానికల్లా అన్నీ సరిగ్గా వచ్చాయి. మమత ప్రతి అక్షరం రెండేసి సార్లు చదివి 'రిలీజ్' నొక్కింది. నవనీత ఏమీ అడగలేదు. ప్రాణం లేచొచ్చింది పిల్లకి.

సాయంత్రం దీనమ్మ కోడిపలావు పట్టుకుని నవ్వుతూ వచ్చింది.

"వదిలేశాడమ్మా! నా ప్రార్థన విన్నాడు దేవుడు. ఆ ఆఫీసరు కడుపు చల్లగా ఉండాలి!"

ఆ మాటకి మమత కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్ని రోజులు ఈమె చేతి కూడు తింటూ ఈమెకే అబద్ధాలు చెప్పింది. ఇక దాచడం తనవల్ల కాదనుకుంది.

"ఆంటీ, మీకొకటి చెప్పాలె. కోపం చేయొద్దు."

"కోపమేంటే పిచ్చిపిల్లా, ముందు తిను," అంటూ దీనమ్మ పలావు మీద ఇంకో ముక్క వేసింది. "గోంగూర పార్సెల్ ఇవాళే వేశాను, రేపు నీ డ్యూటీ ఎన్నింటికమ్మా?"